అమ్మ వీపు మీద పుండు: కేర్ హోమ్‌లో ఏం చూడాలి, ఎవరిని అడగాలి?

వేపచెట్టు | 12 అక్టోబరు 2025, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మా అమ్మకు 76 ఏళ్లు. మొన్న మార్చిలో పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట ఉంది, తెలివి ఉంది. షుగర్ ఇరవై ఏళ్లుగా ఉంది. నాకు పుణెలో ఉద్యోగం, అన్నయ్య మస్కట్‌లో. మూడు నెలలు ఇంట్లోనే ఇద్దరు ఆయాలను పెట్టి చూశాం. ఒకామె వస్తే ఇంకొకామె రాదు, పండగ వస్తే ఇద్దరూ రారు. చివరికి జూలైలో హైదరాబాద్ శివార్లలో ఒక నర్సింగ్ కేర్ హోమ్‌లో చేర్పించాం. పేరు చెప్పను. నెలకు 38 వేలు. డైపర్లు, మందులు మనవే.

చూడ్డానికి వంక పెట్టలేం. గేటు దాటగానే తులసికోట, లోపల వెంకటేశ్వరస్వామి నిలువెత్తు పటం. రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో అమ్మ ఫోటో పంపుతారు. తల దువ్వి, బొట్టు పెట్టి, దుప్పటి ఛాతీ దాకా కప్పి ఉంటుంది. నాలుగు నెలలుగా ఆ ఫోటో చూసి ఆఫీసుకు వెళ్తున్నాను.

నిన్న చెప్పకుండా వెళ్లాను. స్నానం చేయిస్తుంటే పక్కనే నిలబడ్డాను. నడుము కింద, తోకఎముక దగ్గర పుండు. చర్మం లేచిపోయి లోపల పసుపుగా కనిపిస్తోంది. ఇదేంటని అడిగితే "మంచంలో ఉన్నవాళ్లకు మామూలే అమ్మా, షుగర్ కూడా ఉంది కదా" అంది సిస్టర్.

నిజంగా మామూలేనా? ఇలాంటి చోట్లకు ప్రభుత్వం పెట్టిన రూల్స్ ఏమైనా ఉన్నాయా? వేరే చోటికి మారిస్తే అక్కడ ఏం చూడాలి? నిన్నటి నుంచి నిద్ర లేదు. తిట్టాలనుకునేవాళ్లు తిట్టండి, కానీ ఏదో ఒకటి చెప్పండి.

---

ఫిజియో_తమ్ముడు | 12 అక్టోబరు, రాత్రి 11:05

అక్కా, ముందు రేపు పొద్దున్నే సర్జన్‌కు చూపించండి. చర్చ తర్వాత. కొవ్వు పొర కనిపిస్తోందంటే అది మూడో స్టేజ్ అయి ఉండొచ్చు. మొదటి స్టేజ్ అంటే చర్మం ఎర్రబడి, వేలితో నొక్కినా తెల్లబడకపోవడం. రెండు అంటే పై చర్మం లేవడం లేదా బొబ్బ. మూడులో లోపలి కొవ్వు, నాలుగులో కండ, ఎముక కనిపిస్తాయి. ఒకటో స్టేజ్‌లో పట్టుకుంటే ఒత్తిడి తీసేయగానే చాలావరకు అదే తగ్గిపోతుంది. మూడుకు వచ్చాక నెలలు పడుతుంది.

ఇంకో మాట. పుండు చుట్టూ స్పిరిట్‌తో రుద్దడం, పౌడర్ చల్లడం, గాలి నింపిన రింగు మీద కూర్చోబెట్టడం చేస్తున్నారా చూడండి. మన ఊళ్లలో ఇప్పటికీ చేస్తారు, మూడూ తప్పే. ఎర్రబడ్డ చోట రుద్దితే లోపలి కణజాలం ఇంకా చితుకుతుంది. రింగు ఏమో చుట్టూ రక్తం ఆపేస్తుంది.

---

సూటిగా | 13 అక్టోబరు, ఉదయం 7:20

తిట్టమన్నారు కాబట్టి చెబుతున్నా. 38 వేలు పెట్టి కన్నతల్లిని ఎవరి చేతుల్లోనో పెట్టి, ఫోటో చూసి సంతృప్తి పడితే ఇలాగే ఉంటుంది. మా నాయనమ్మ తొమ్మిదేళ్లు మంచంలో ఉంది. ఒక్క పుండు లేదు. మా అమ్మ చూసుకుంది.

---

రాత్రి_డ్యూటీ | 13 అక్టోబరు, మధ్యాహ్నం 2:15

సూటిగా గారూ, మీ అమ్మగారికి దండం పెడతాను. మరి మీ అమ్మగారిని తొమ్మిదేళ్లు ఎవరు చూసుకున్నారు? ఆ సంగతి ఇంకో థ్రెడ్‌లో మాట్లాడుకుందాం.

వేపచెట్టు గారూ, నేను నర్సును. జీఎన్ఎం నర్సింగ్ కోర్సు చేసి హైదరాబాద్‌లో ఇలాంటి హోమ్‌లోనే రెండేళ్లు రాత్రి డ్యూటీ చేశాను. ఇప్పుడు ఇంగ్లండ్‌లో, లీడ్స్ దగ్గర ఒక కేర్ హోమ్‌లో ఉన్నాను. రెండు వైపులా చూసినదాన్ని కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

"మామూలే" అన్న మాట నేనూ అన్నాను, చాలామంది బంధువులతో. అది అబద్ధం. కొన్ని పుండ్లు ఎంత చూసుకున్నా వస్తాయి, చివరి రోజుల్లో ఉన్నవాళ్లకు ముఖ్యంగా. కానీ మాట్లాడుతూ, తింటూ ఉన్న మనిషికి తోకఎముక మీద మూడో స్టేజ్ పుండు పడిందంటే చాలా రోజులు ఎవరూ వెనక్కి తిప్పి చూడలేదని అర్థం.

లెక్క చెబుతాను. మంచంలో ఉన్నవాళ్లను రెండు గంటలకోసారి పక్క మార్చాలన్నది మాకు చదువులో చెప్పిన మాట. నా ఫ్లోర్‌లో అలాంటివాళ్లు పన్నెండు మంది. పక్క మార్చి, తడి ఉంటే డైపర్ మార్చి, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టి, గుక్కెడు నీళ్లు తాగించేసరికి మనిషికి పది నిమిషాలు. పన్నెండు మందికి నూట ఇరవై నిమిషాలు. అంటే చివరి మంచం దగ్గరికి వచ్చేసరికి మొదటి మంచానికి మళ్లీ టైమ్ అయిపోతుంది. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా కూర్చోకుండా తిరిగితేనే అది. పైగా ఆ పని ఇద్దరు చేయాలి. ఒక్కదాన్నే లాగితే చర్మం దుప్పటికి రాసుకుని చిరుగుతుంది. ఫ్లోర్‌లో నేనూ, ఒక ఆయమ్మా. ఆమెకు అరవై దాటాయి.

మరి చార్టులో ఏం ఉండేది? 10 గంటలకు ఎడమ, 12కి వెల్లకిలా, 2కి కుడి, 4కి ఎడమ. పన్నెండు మందికీ ఉండేది. పొద్దున ఐదింటికి కూర్చుని ఒకే పెన్నుతో, ఒకే వరసలో రాసేదాన్ని. నేను రాశాను. మీరు చూడాల్సింది ఆ చార్టు. అడిగి తీసుకోండి. అక్షరాలు, సిరా, వరస చూడండి. నాలుగు గంటలకు నిద్రమత్తులో రాసిన చేతిరాత పది గంటల రాతలా ఉండదు.

---

వేపచెట్టు | 13 అక్టోబరు, సాయంత్రం 6:50

సర్జన్‌కు చూపించాను. మూడో స్టేజ్ అన్నారు, 4 సెంటీమీటర్లు. చచ్చిన చర్మం కొంచెం తీసి డ్రెస్సింగ్ వేశారు. ప్రొటీన్ పెంచమన్నారు, ఎయిర్ బెడ్ వేయమన్నారు. అమ్మ బరువు జూలైలో 58, ఇప్పుడు 51. నాకు ఎవరూ చెప్పలేదు. సిస్టర్ గారూ, మీ మెసేజ్ మూడుసార్లు చదివాను. థాంక్స్ అనడానికి కూడా నోరు రావడం లేదు.

---

రాత్రి_డ్యూటీ | 13 అక్టోబరు, రాత్రి 8:10

ఏడు కిలోలు! అదీ అసలు వార్త. పుండు తర్వాత వచ్చింది, తిండి ముందు తగ్గింది. ఎడమ చెయ్యి లేని మనిషి ముందు ప్లేటు పెట్టి, అరగంటకు తీసేసి, "తినలేదు" అని రాస్తారు. ఎవరు తినిపిస్తున్నారో, ఎంతసేపో చూడండి. పడుకోబెట్టి తినిపిస్తుంటే మాత్రం అక్కడికక్కడే ఆపించండి. పక్షవాతం వచ్చినవాళ్లకు మింగడం సరిగా ఉండకపోవచ్చు, మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా.

ఎయిర్ బెడ్ వేశాక పక్క మార్చక్కర్లేదని వాళ్లు అనుకుంటారు. మార్చాలి.

---

కాగితాలపులి | 14 అక్టోబరు, ఉదయం 10:30

అమ్మా, నేను ఆర్డీఓ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. రూల్స్ గురించి అడిగారు కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. వినడానికి అంత సంతోషంగా ఉండదు.

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అందులో 19వ సెక్షన్ ప్రకారం రాష్ట్రాలు జిల్లాకు ఒకటి చొప్పున, కనీసం 150 మంది పట్టే వృద్ధాశ్రమాలు పెట్టొచ్చు. అవి ఆధారం లేని పేదల కోసం. వాటిలో ప్రమాణాలు ఎలా ఉండాలో రాష్ట్రం రాసుకోవచ్చు. డబ్బు కట్టి చేరే ప్రైవేటు హోమ్‌ల గురించి ఆ చట్టంలో గట్టిగా చెప్పింది ఏమీ లేదు. ఈ లోటు తెలిసే 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. ప్రతి కేర్ హోమూ రిజిస్టర్ కావాలని, కనీస ప్రమాణాలు పాటించాలని అందులో ఉంది. స్థాయీ సంఘానికి వెళ్లింది, రిపోర్టు వచ్చింది, 2024లో సభ రద్దవడంతో బిల్లూ పోయింది.

అందువల్ల నేను చూసినంతలో చాలా హోమ్‌లు సొసైటీగానో, ట్రస్టుగానో, మామూలు కంపెనీగానో నమోదై ఉంటాయి. రిజిస్ట్రేషన్ ఉందని చూపిస్తారు. అది సంస్థ ఉందనడానికే సాక్ష్యం, లోపల నర్సు ఉందనడానికి కాదు.

అగ్నిమాపక విషయం వేరు. జాతీయ భవన నిర్మాణ కోడ్ వృద్ధుల నివాసాలను ఇన్‌స్టిట్యూషనల్, అంటే ఆస్పత్రుల్లాంటి భవనాల కింద వేస్తుంది, మామూలు ఇల్లు కాదు. కానీ అద్దెకు తీసుకున్న డ్యూప్లెక్స్‌లో నడుపుతుంటే దాన్ని ఇల్లుగానే చూపిస్తారు. 2020 ఆగస్టులో విజయవాడలో ఒక హోటల్‌ను కోవిడ్ కేర్ సెంటర్‌గా నడుపుతుంటే మంటలు వచ్చి పది మంది చనిపోయారు గుర్తుందా? వాళ్లలో చాలామంది నడవగలిగినవాళ్లు. మంచంలో ఉన్న పన్నెండు మందిని, ఇద్దరు ఆడవాళ్లు, రాత్రిపూట మెట్ల మీదుగా ఎలా దింపుతారు? మీ అమ్మగారు ఏ అంతస్తులో ఉన్నారు?

ఫిర్యాదుకు దారులు: వృద్ధుల హెల్ప్‌లైన్ 14567, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా. డబ్బు కట్టి సేవ పొందుతున్నారు కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. మీరు కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. అన్నిటికంటే ముందు ఒక పని చేయండి. మీరు చూసిందంతా తేదీలతో ఈమెయిల్‌లో వాళ్లకు పంపండి. ఫోన్లో ఎంత అరిచినా ఫైలు తయారవదు.

---

వేపచెట్టు | 14 అక్టోబరు, ఉదయం 11:15

రెండో అంతస్తు. లిఫ్ట్ ఉంది, స్ట్రెచర్ పట్టదు.

---

డల్లాస్_బాబాయ్ | 14 అక్టోబరు, సాయంత్రం 5:40

ఇక్కడ అమెరికాలో ఇవన్నీ ఎప్పుడో సెట్ చేశారమ్మా. 1987లోనే నర్సింగ్ హోమ్ సంస్కరణ చట్టం వచ్చింది. ప్రతి నర్సింగ్ హోమ్‌కు ఒకటి నుంచి ఐదు స్టార్లు ఇస్తారు, 2008 నుంచి ఉంది. ఆన్‌లైన్‌లో పిన్‌కోడ్ కొడితే తనిఖీల రిపోర్టుతో సహా వస్తుంది. మన దగ్గర ఒక్క వెబ్‌సైట్ పెట్టలేరా?

---

రాత్రి_డ్యూటీ | 14 అక్టోబరు, రాత్రి 9:00

బాబాయ్ గారూ, స్టార్లు మంచివే. కానీ మొదట్లో స్టాఫ్ ఎంతమంది ఉన్నారో హోమ్‌లే రాసి ఇచ్చేవి. జీతాల లెక్కల నుంచి తీసుకోవడం 2016 నుంచే మొదలైంది. ప్రతి రోగికి రోజుకు 3.48 గంటల నర్సింగ్ ఉండాలని 2024లో మీ ప్రభుత్వం రూల్ తెస్తే, మరుసటి ఏడు మీ టెక్సస్ కోర్టే కొట్టేసింది.

మా ఇంగ్లండ్‌లో సీక్యూసీ అని ఒక సంస్థ తనిఖీ చేస్తుంది. ఐదు ప్రశ్నలు: సురక్షితమా, ఫలితం ఉందా, దయగా చూస్తున్నారా, మనిషి అవసరాన్ని బట్టి నడుచుకుంటున్నారా, యాజమాన్యం బాగుందా. రేటింగ్‌ను గుమ్మం దగ్గర అతికించాలి, దాచకూడదు. మూడో స్టేజ్ పుండు పడితే మేమే ఆ సంస్థకు రాసి పంపాలి. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. మా మీద మేమే ఫిర్యాదు చేసుకోవడం. సొంతంగా నిర్ణయం తీసుకోలేనివాళ్లను మంచానికి కట్టేయడానికి, తలుపు తాళం వేయడానికి కూడా బయటి నుంచి అనుమతి కావాలి. హైదరాబాద్‌లో నేను ముక్కు ట్యూబు లాగేస్తున్నారని గాజ్ బ్యాండేజీతో చేతులు కట్టిన రాత్రులు ఉన్నాయి. ఎవరినీ అడగలేదు.

అలాగని ఇక్కడ స్వర్గం ఏమీ కాదు. ఇన్‌స్పెక్టర్ వచ్చి ఏళ్లయినా పాత "గుడ్" బోర్డే వేలాడుతూ ఉంటుంది. 2024లో ప్రభుత్వం వేయించిన సమీక్షే ఆ మాట చెప్పింది. ఇంతమందికి ఇంతమంది నర్సులు అని చట్టంలో అంకె కూడా లేదు, "సరిపడా" అని ఉంది. ఆ సరిపడా ఎంతో యజమానే తేలుస్తాడు. రాత్రి రెండింటికి ఫ్లోర్ మీద ఎవరున్నారన్నది ఏ దేశంలోనైనా స్టార్లు చెప్పవు.

---

ముప్పై_పడకలు | 15 అక్టోబరు, ఉదయం 6:10

నేను హైదరాబాద్‌లో ఒక హోమ్ నడుపుతున్నాను. వేపచెట్టు గారి అమ్మ ఉన్నది మాది కాదు. మూడు రోజులుగా చదువుతున్నాను, రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను.

నాకు ముప్పై పడకలు, అందులో మంచం దిగలేనివాళ్లు పద్దెనిమిది మంది. ఆరుగురికి ఒక అటెండర్ అనుకుంటే షిఫ్టుకు ఐదుగురు, మూడు షిఫ్టులకు పదిహేను, సెలవులకు ఇంకో ముగ్గురు. పదిహేను వేల చొప్పున 2 లక్షల 70 వేలు. నర్సులు, వంట, అద్దె, కరెంటు, జనరేటర్ డీజిల్, కట్టలేక మూడు నెలల బాకీలో ఉన్న కుటుంబాలు వేరు. జీతం ఇచ్చినా మనుషులు ఉండరు. డైపర్లు మార్చే పనికి వచ్చిన అమ్మాయి రెండో నెలలో మాల్‌లో సేల్స్‌కు వెళ్లిపోతుంది, అక్కడ ఏసీ, అదే జీతం. మేం తీసుకునే మనుషులకు ట్రైనింగ్ అంటూ ఏదీ ఉండదు, పాతామె కొత్తామెకు చూపిస్తుంది. తప్పు కూడా అలాగే చేతులు మారుతుంది.

ఇంకోటి. పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఏసీ ఉందా, టీవీ ఉందా, ఫోటో రోజూ పంపుతారా. రాత్రి ఎంతమంది ఉంటారని పదకొండేళ్లలో నన్ను అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అడగని దానికి ఖర్చు పెట్టే వ్యాపారం ఏదైనా ఉందా చెప్పండి.

---

సూటిగా | 15 అక్టోబరు, ఉదయం 8:00

అంటే తప్పు మళ్లీ పిల్లలదే. బాగుంది.

---

రాత్రి_డ్యూటీ | 15 అక్టోబరు, మధ్యాహ్నం 1:30

ముప్పై పడకలు గారూ, లెక్క నిజం. కానీ మీరు వదిలేసింది ఒకటి ఉంది. మనుషులు తక్కువగా ఉన్నప్పుడు చార్టులో "ఈ రాత్రి 2 గంటలకు మార్చలేకపోయాం" అని రాసే ధైర్యం మీ నర్సుకు ఉందా? నాకు ఉండేది కాదు, రాస్తే పొద్దున తిట్లు. అందుకే కాగితం మీద అందరూ తిరిగేవాళ్లు, మంచం మీద ఎవరూ తిరిగేవాళ్లు కాదు.

---

ముప్పై_పడకలు | 15 అక్టోబరు, మధ్యాహ్నం 3:45

లేదు. మా దగ్గర కూడా అలా రాయరు. దీనికి నా దగ్గర జవాబు లేదు.

---

గది_నంబర్_14 | 15 అక్టోబరు, రాత్రి 7:25

మనవడు ఈ లింకు పంపాడు. నాకు 81 ఏళ్లు, లెక్కల మాస్టారుగా చేశాను. తుంటి విరిగాక గోదావరి జిల్లాలో ఒక హోమ్‌లో ఉంటున్నాను. మూడేళ్లయింది. మా గురించి మాట్లాడుకుంటున్నారు కాబట్టి లోపల నుంచి ఒకడు రాస్తే బాగుంటుందని.

అమ్మాయీ, మీరు చార్టులు, లిఫ్టులు చూస్తారు, చూడండి. నేను చెప్పేది చిన్న విషయం. మీ అమ్మగారి మంచం దగ్గర కాలింగ్ బెల్ ఎటువైపు ఉందో చూశారా? నా గదిలో ఉండే ఆయనకు కుడిచెయ్యి పడిపోయింది. బెల్ కుడివైపు గోడకు ఉంది. మంచాలు వేసినప్పుడు వైరు అటు ఉంది, అంతే. ఆయన రాత్రి దాహం వేస్తే "మాస్టారూ" అని నన్ను పిలుస్తాడు. నేను నొక్కుతాను. నేను ఆస్పత్రిలో ఉన్న వారం ఎలా గడిచిందని తర్వాత అడిగితే చెప్పలేదు.

బెల్ మోగితే వస్తారా అంటే, మొదటి రెండుసార్లు వస్తారు. మూడోసారి విసుక్కుంటారు. ఆ విసుగు మొహం చూడలేక మేమే నొక్కడం మానేస్తాం, నీళ్లు తాగడం తగ్గించుకుంటాం. తాగితే మళ్లీ పిలవాలి కదా. మీ ఏడు కిలోల్లో ఇది కూడా ఉండొచ్చు.

ఇంకా ఒకటి. సాయంత్రం ఏడింటికల్లా అందరం నిద్రపోతుంటే ఆ హోమ్‌ను అనుమానించండి. ముసలివాళ్లకు అంత మంచి నిద్ర రాదు.

---

ఫిజియో_తమ్ముడు | 15 అక్టోబరు, రాత్రి 8:00

మాస్టారి చివరి మాట పెద్దది. క్వెటియాపిన్ లాంటి మానసిక జబ్బుల మందులు రాత్రి గొడవ చేయకుండా ఉండటానికి ఇచ్చేస్తుంటారు. మతిమరుపు జబ్బు ఉన్న వృద్ధుల్లో ఆ రకం మందులు మరణాల ముప్పు పెంచుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరిక పెట్టించింది. మందుల లిస్టు తీసుకుని ఒక్కో మాత్రకు ఏ డాక్టరు, ఏ తేదీన, ఎందుకు రాశారో అడగండి అక్కా. ఇన్సులిన్ ఇచ్చి ఎంతసేపటికి టిఫిన్ పెడుతున్నారో కూడా. ఏడున్నరకు సూది, తొమ్మిదింటికి ఇడ్లీ అయితే ప్రమాదం.

---

వేపచెట్టు | 18 అక్టోబరు, రాత్రి 11:50

సెలవు పెట్టి ఇక్కడే ఉన్నాను. ఇవాళ చార్టు అడిగాను. ఇవ్వం, అది ఇంటర్నల్ అన్నారు. కాగితాలపులి గారు చెప్పినట్టు ఈమెయిల్ పెట్టాను. రెండు గంటల్లో మేనేజర్ స్వయంగా ఫైలు తెచ్చి ఇచ్చాడు.

జూలై నుంచి అక్టోబరు దాకా ఒక్క ఖాళీ గడి లేదు. రోజుకు పన్నెండు గడులు, అన్నీ నిండుగా, నీట్‌గా ఉన్నాయి. చూస్తూ పోతే సెప్టెంబరు 9 దగ్గర ఆగాను. ఆ రోజు అమ్మకు జ్వరం వస్తే అంబులెన్స్‌లో ఆస్పత్రికి తీసుకెళ్లారు. అన్నయ్య ఫోన్లోనే డబ్బు కట్టాడు. పొద్దున పది నుంచి మరుసటి రోజు సాయంత్రం దాకా అక్కడే ఉంది, బిల్లు నా దగ్గర ఉంది. చార్టులో ఆ రోజు 12 గంటలకు ఎడమ, 2కి కుడి, 4కి వెల్లకిలా. రాత్రంతా అలాగే తిప్పారు. మనిషి లేని మంచాన్ని తిప్పారు.

మేనేజర్‌కు చూపించాను. చాలాసేపు చూసి "పొరపాటు జరిగింది మేడమ్" అన్నాడు. నాకు కోపం కూడా రాలేదు.

బెల్ సంగతి. మాస్టారూ, ఎడమవైపు ఉంది. నాలుగు నెలలుగా ఎడమవైపు ఉంది. నేను ఆ గదిలో ఎన్నోసార్లు కూర్చున్నాను.

---

సూటిగా | 19 అక్టోబరు, ఉదయం 6:45

కేసు వేయండి. ఇంత సాక్ష్యం దొరకదు. మొదటి పోస్టులో నేను అన్న మాటకు సారీ అండి.

---

కాగితాలపులి | 19 అక్టోబరు, ఉదయం 9:20

ఫైలు మొత్తం ఫోటోలు తీసుకున్నారా? ఆస్పత్రి బిల్లు, సర్జన్ రాసిన కాగితం, మీ ఈమెయిల్ ఒకచోట పెట్టండి. వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ల లోపు ఎప్పుడైనా వేయొచ్చు, తొందరపడి ఈ వారమే వేయనక్కర్లేదు. ముందు అమ్మగారి సంగతి తేల్చుకోండి.

---

డల్లాస్_బాబాయ్ | 19 అక్టోబరు, సాయంత్రం 6:00

మార్చెయ్యమ్మా. ఇంకా అక్కడ ఎందుకు?

---

రాత్రి_డ్యూటీ | 19 అక్టోబరు, రాత్రి 8:30

మారిస్తే ఇక్కడ రాయండి, వెళ్లే చోటు గురించి చెబుతాను. కానీ పుండుతో ఉన్న మనిషిని కొత్త చోటికి తీసుకెళ్తే మొదటి రెండు వారాలు వాళ్లకు ఆమె ఏం తింటుందో, ఎటు తిరిగితే నొప్పో తెలియదు. కొత్త హోమ్ చార్టు ఇంతకంటే నిజమని కూడా గ్యారంటీ లేదు. నేనైతే చూడ్డానికి పగలు వెళ్లను. రాత్రి తొమ్మిది తర్వాత, ఆదివారం, ఏదో కారణం చెప్పి వెళ్తాను. గుమ్మంలోనే వాసన చెబుతుంది. ఫినాయిల్ వాసన ఘాటుగా ఉంటే దాని కింద ఇంకో వాసన ఉన్నట్టే. ఇద్దరు ముగ్గురి గోళ్లు, నాలుకలు చూస్తాను. నాలుక ఎండి అట్టలా ఉంటే నీళ్లు ఇవ్వడం లేదు. యూరిన్ బ్యాగు ఎక్కడ వేలాడుతోందో చూస్తాను, మంచం మీద పెట్టి ఉంటే మూత్రం వెనక్కి పోతుంది. డ్యూటీలో ఉన్న సిస్టర్‌ను నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా అని కాదు, ఏ కాలేజీలో చదివావమ్మా అని అడుగుతాను. చదివినామె అయితే వెంటనే చెబుతుంది, ఊరు కూడా కలుపుతుంది.

---

వేపచెట్టు | 26 అక్టోబరు, రాత్రి 10:10

మార్చలేదు. ఇంకో మూడు చోట్లు చూశాను, రాత్రి పూట. ఒకచోట గేటుకు తాళం, వాచ్‌మన్ దగ్గర తప్ప తాళంచెవి లేదు, వాచ్‌మన్ టీకి వెళ్లాడు. ఇంకోచోట ఇరవై ఇద్దరికి ఒకే అమ్మాయి. మూడోది బాగుంది, నెలకు 70 వేలు. మా వల్ల కాదు.

చేసింది ఇది. అదే ఫ్లోర్‌లో ఉన్నవాళ్ల పిల్లల నంబర్లు సంపాదించాను, ఎనిమిది కుటుంబాలు. ఒకరికొకరు తెలియదు అప్పటిదాకా. ఇద్దరికి వాళ్ల నాన్నల వీపు ఎలా ఉందో తెలియదు, వెళ్లి చూసుకున్నారు. ఒకాయనకు మొదటి స్టేజ్‌లో ఉంది. అందరం కలిసి మేనేజర్‌తో కూర్చున్నాం. రాత్రికి ఇంకో ఇద్దరు అటెండర్లు, మేం తలా రెండు వేలు ఎక్కువ కడతాం. బరువు నెలకోసారి గ్రూపులో పెట్టాలి. వారానికోసారి మాలో ఎవరో ఒకరు చెప్పకుండా రాత్రి వస్తాం. పక్క మార్చలేకపోతే గడి ఖాళీగా వదలాలి, దానికి ఎవరినీ తిట్టకూడదు. ఈ చివరిది ఒప్పుకోవడానికి మేనేజర్‌కు గంట పట్టింది. "ఖాళీ ఉంటే రేపు మీరే కోర్టులో చూపిస్తారు కదా మేడమ్" అన్నాడు. నిండుగా ఉన్నదే చూపిస్తానన్నాను.

---

ముప్పై_పడకలు | 27 అక్టోబరు, ఉదయం 6:30

మా హోమ్‌లో బెల్‌లు చూసి వచ్చాను. ముప్పైలో ఏడు తప్పు వైపు ఉన్నాయి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను.

---

కాగితాలపులి | 27 అక్టోబరు, ఉదయం 9:00

రెండు వేల సంగతి రాతపూర్వకంగా తీసుకోండమ్మా. ఆరు నెలల తర్వాత డబ్బు ఉంటుంది, మనుషులు ఉండరు.

---

వేపచెట్టు | 9 నవంబరు, రాత్రి 9:35

పుండు 4 నుంచి 3 సెంటీమీటర్లకు వచ్చింది. పక్కనుంచి ఎర్రటి కొత్త కండ పడుతోందని సర్జన్ అన్నారు. బరువు 52న్నర. రోజుకు రెండు గుడ్లు, మధ్యాహ్నం గట్టి పప్పు. నిన్నటి చార్టులో మూడు గడులు ఖాళీ. ఖాళీ చూసి ఇంత సంతోషిస్తానని అనుకోలేదు.

బెల్ కుడివైపుకు మార్పించాం. మొదటి రాత్రి అమ్మ పదకొండు సార్లు నొక్కిందట. పొద్దున అటెండర్ అమ్మాయి ఫోన్ చేసి లబోదిబోమంది. నేను కంగారు పడి, ఏమైందమ్మా, నొప్పి ఎక్కువైందా అని అమ్మను అడిగాను.

"ఏం లేదే, మోగుతుందో లేదో చూశాను" అంది.

---

గది_నంబర్_14 | 9 నవంబరు, రాత్రి 9:50

నొక్కనివ్వండి.

---

మోడరేటర్ | 10 నవంబరు, ఉదయం 10:00

ఈ థ్రెడ్‌ను "తల్లిదండ్రుల సంరక్షణ" విభాగంలో పైన ఉంచుతున్నాం. హోమ్‌ల పేర్లు అడుగుతూ వచ్చిన పదిహేడు మెసేజ్‌లు తీసేశాం. దయచేసి ఇక్కడ పేర్లు రాయొద్దు.